ఫుల్ ఇన్సూరెన్స్ అన్నారు, పాలసీలో ఆ మాటే లేదు

ఐదు స్టార్లకు మూడు ఇస్తున్నా. కంపెనీ పేరు రాయను, వర్క్‌షాప్ పేరూ రాయను. నన్ను తిప్పలు పెట్టిన మాటలు ఆ ఒక్క కంపెనీ సొత్తు కావు మరి. కారు పాలసీ షరతులు దాదాపు అన్ని కంపెనీలవీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి.

నేను ఉప్పల్ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటర్‌ని. ఇరవై ఆరేళ్ల నుంచి ఇదే పని. అమ్మకం కాగితాలు, తనఖా కాగితాలు, అన్నదమ్ముల పంపకాలు. 'సదరు ఆస్తిని దాన, వినిమయ, విక్రయాది సర్వహక్కులతో' అని ఎన్ని వేలసార్లు రాశానో లెక్క లేదు. చదవకుండా సంతకం పెట్టబోయే వాళ్ల చెయ్యి పట్టుకుని ఆపే అలవాటు కూడా ఉంది నాకు. అలాంటివాణ్ని, నా సొంత కారు పాలసీని నాలుగేళ్లు తెరిచి చూడలేదు. ప్రతి మే నెలా వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చేది, బొటనవేలు బొమ్మ పెట్టేవాణ్ని, అయిపోయేది.

ఏజెంటు ఎవరో కాదు, మా చిన్న బామ్మర్ది. "ఫుల్ ఇన్సూరెన్స్ బావా, నువ్వేం ఫికర్ చేయకు" అనేవాడు. హైదరాబాద్‌లో ఎవర్నడిగినా ఉన్నవి రెండే రకాలు: ఫుల్ ఇన్సూరెన్స్, థర్డ్ పార్టీ. ప్రమాదం అయిన రాత్రి మొదటిసారి ఆ పీడీఎఫ్‌లో 'ఫుల్' అనే మాట కోసం వెతికాను. ఎక్కడా లేదు. ప్యాకేజీ పాలసీ అని ఉంది, అంటే థర్డ్ పార్టీ, సొంత కారు దెబ్బ రెండూ కలిపినది, అంతే.

జరిగింది ఇదీ. 2025 జులై, వాన పడి వెలిసిన సాయంత్రం. ఉప్పల్ నుంచి బోడుప్పల్ వైపు, ఏళ్ల తరబడి సాగుతున్న ఫ్లైఓవర్ పిల్లర్ల పక్కన పోతున్నా. ఆ రోడ్డు సంగతి ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు; నీళ్లు నిలిస్తే ఏది గుంతో ఏది రోడ్డో తెలియదు. నా ముందు ఒక స్కూటీ అబ్బాయి గుంత చూసి ఆగాడు. నేనూ బ్రేకు వేశా, ఆగాను. నా వెనక ట్రాలీ ఆటో మాత్రం ఆగలేదు. వెనక నుంచి గుద్దితే నా కారు ముందుకు తోసుకుపోయి స్కూటీని కొట్టింది. అబ్బాయి పడ్డాడు, ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. నాకేం కాలేదు. కారు మాత్రం ముందూ వెనకా రెండువైపులా నలిగింది.

జనం పోగయ్యారు. మన దగ్గర ప్రమాదం కాగానే రోడ్డు మీదనే ఒక పంచాయతీ కూర్చుంటుంది కదా. "పెద్దమనిషివి, ఈడనే సెటిల్ చేస్కో, పోలీసులు గీలీసులు ఎందుకు" అని ఒకాయన. అబ్బాయి వాళ్లన్న బండి మీద వచ్చాడు, మంచివాడే పాపం, కానీ భయంలో ఉన్నాడు. "అన్నా, ఖర్చంతా నేనే పెట్టుకుంట అని ఒక కాగితం మీద రాసియ్యి, చాలు" అన్నాడు. రాయమన్నది ఎవర్నీ? పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాగితాలు రాయడమే బతుకుదెరువైనవాణ్ని. జేబులో పెన్ను తీశాను కూడా. అంతలో బామ్మర్ది ఫోన్.

"బావా, పెన్ను జేబుల పెట్టు. ఒక్క ముక్క రాయకు."

"హాస్పిటల్ ఖర్చుకు అయిదు వేలిచ్చిన్రా."

"ఇస్తే ఇచ్చినవ్ గని, తప్పు నాదే అని మాత్రం అనకు, రాయకు."

వాడి మీద కోపం వచ్చింది. చెయ్యి విరిగిన పిల్లగాడి ముందు నిలబడి ఇదేం మాట అనిపించింది. రాత్రి పాలసీ చదివితే తెలిసింది, వాడు చెప్పింది అచ్చంగా షరతే. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా పాలసీదారు బాధ్యత ఒప్పుకోకూడదు, ఇస్తానని మాట ఇవ్వకూడదు, చెల్లించకూడదు. ఆ కాగితం నేను రాసి ఉంటే, 'మా అనుమతి లేకుండా ఒప్పుకున్నావు, నువ్వే కట్టుకో' అనడానికి కంపెనీకి దారి దొరికేది. నష్టపోయేది నేనొక్కణ్నే కాదు, కంపెనీ నుంచి రావలసిన డబ్బుకు ఆ పిల్లగాడూ అడ్డంకి తెచ్చుకునేవాడు. నా దగ్గర ఎంతుంది గనక ఇవ్వడానికి?

అట్లాగని దెబ్బ తగిలినవాణ్ని వదిలేసి పొమ్మని ఎవరూ అనలేదు. మోటారు వాహనాల చట్టం 1988లో 134వ సెక్షన్ డ్రైవరుకు పెట్టిన మొదటి పనే గాయపడ్డవాళ్లకు వైద్యం అందేలా చూడడం. పోలీసులకు చెప్పడం, బీమా కంపెనీకి వివరాలు రాతగా ఇవ్వడం కూడా అందులోనే ఉన్నాయి. సాయం చేయమంది చట్టం. సంతకం చేయొద్దంది పాలసీ. ఈ రెండిటికీ తేడా రోడ్డు మీద, ఆ గొడవలో, ఎవరికి తడుతుంది?

ఆటో నంబరు, ఫోటోలు, పోలీస్ స్టేషన్, పంచనామా అన్నీ అయ్యాయి. ట్రాలీ ఆటో ఇన్సూరెన్స్ అయిపోయి ఏడు నెలలైందని అక్కడే తేలింది. మొదటిసారి దొరికితే 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. మరి దానివల్ల నాకేం ఒరిగింది?

ఇక్కడ ఒక మాట. మా కాగితాల్లో మొదటి పార్టీ, రెండో పార్టీ ఉంటారు. మూడో మనిషి అంటే సాక్షో, హద్దుదారో. ఇన్సూరెన్స్‌లో నేను మొదటివాణ్ని, కంపెనీ రెండోది. స్కూటీ అబ్బాయి మూడోవాడు, అంటే థర్డ్ పార్టీ. చట్టం తప్పనిసరి చేసింది ఆ మూడోవాడి కోసమే, నా కోసం కాదు. నాది 1,197 సీసీ స్విఫ్ట్. 1,000 నుంచి 1,500 సీసీ కార్లకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు, ఏ కంపెనీలో అయినా అంతే, బేరం లేదు. ఓన్ డ్యామేజ్, అంటే నా కారు సొంత దెబ్బకు కట్టేది వేరు. అది నా ఇష్టం. బేరాలు, డిస్కౌంట్లు, 'ఫుల్' అనే మాయమాట, అన్నీ ఈ రెండో భాగంలోనే.

కాల్ సెంటర్‌కు ఒక స్టార్ పూర్తిగా ఇస్తా. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే అమ్మాయి దొరికింది, క్లెయిమ్ నంబరు పదిహేను నిమిషాల్లో వచ్చింది. కారు లాగే బండి మర్నాడు పొద్దున తొమ్మిదికి వచ్చి వర్క్‌షాప్‌లో దించింది. అక్కడిదాకా వంక పెట్టడానికేం లేదు.

వర్క్‌షాప్‌లో కుర్రాడు క్లెయిమ్ ఫారం నింపి తెచ్చాడు. "సార్, ఈడ ఒక సంతకం." పెట్టేశా. ఈ సంతకం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తా.

రెండో రోజు సర్వేయర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, చొక్కా జేబులో చిన్న టార్చిలైటు. యాభై వేలు, ఆపైన నష్టమైతే లైసెన్సున్న సర్వేయర్ చూసి రాయాలని రూలు. నా కారు ఎస్టిమేటు 80,400. ఆయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు, వంగి ఛాసిస్ చూశాడు, ఎడమ తలుపు మీద గీతను వేలితో తడిమి "ఇది పాతది" అన్నాడు. నిజమే, అది మా అపార్టుమెంటు పార్కింగ్ పిల్లరు పుణ్యం. ఒప్పుకున్నా. దాంతో ఆయనకు నా మీద గురి కుదిరినట్టుంది, పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం లెక్క చెప్పాడు. మా బామ్మర్ది నాలుగేళ్లలో చెప్పనిది ఇరవై నిమిషాల్లో.

"మీరేం పని చేస్తరు సార్?"

"భూమి కాగితాలు రాస్త."

"అయితే మీకు జల్దీ అర్థమైతది. ఇదంత తరుగు లెక్క."

తరుగు. బంగారం దుకాణంలో వినే మాట. పాలసీలో దాని పేరు డిప్రిసియేషన్. కారు పాతబడ్డకొద్దీ విడిభాగాల విలువ తగ్గుతుంది, కొత్త భాగం వేస్తే ఆ తగ్గిన మేర నువ్వు కట్టు అని దాని అర్థం. నా కారుకు నాలుగేళ్ల రెండు నెలలు. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ అయితే బండి వయసుతో పనిలేదు, సగానికి సగం కోత. ఇనుపభాగాలకు వయసును బట్టి: ఆరు నెలల లోపు కోత లేదు, ఏడాదిలోపు 5 శాతం, రెండేళ్లలోపు 10, మూడేళ్లలోపు 15, నాలుగేళ్లలోపు 25, అయిదేళ్లలోపు 35, పదేళ్లలోపు 40, ఆ తర్వాత 50. అద్దానికి మాత్రం ఏ వయసులోనూ కోత లేదు. ఇది నాకు నచ్చింది. ఎందుకని అడిగితే "అద్దం పగులుతదే గని అరగదు కద సార్" అన్నాడాయన. అది రూలో, ఆయన సొంత కవిత్వమో!

నా బిల్లు ఇట్లా తేలింది. ముందూ వెనకా బంపర్లు, హెడ్‌లైటు, ప్లాస్టిక్ సామాను 18,400. అందులో సగం 9,200 నాది. డిక్కీ తలుపు, బానెట్, వెనక ప్యానెల్ 26,000. అందులో 35 శాతం, 9,100 నాది. వెనక అద్దం 6,200, మొత్తం కంపెనీదే. పెయింటింగ్ 16,000, అందులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కకట్టి దాంట్లో సగం కోస్తారు, అంటే 2,000 నాది. కూలి 11,500, కోత లేదు. ఇక నట్లు, క్లిప్పులు, కూలెంటు, ఏసీ గ్యాసు, వీటిని కన్స్యూమబుల్స్ అంటారు, 2,300. ఇవి పాలసీలో లేనే లేవు, మొత్తం నాదే. వీటి మీద కంపల్సరీ డిడక్టబుల్ వెయ్యి. ప్రతి క్లెయిముకూ మొదటి వెయ్యి మన జేబు నుంచి పోవాల్సిందే. 1,500 సీసీ దాటిన కార్లకైతే రెండు వేలు. చివరగా సాల్వేజ్ 800. పాత డిక్కీ తలుపు, బానెట్ తుక్కు ఖరీదు అది. తుక్కు వర్క్‌షాప్‌వాళ్ల దగ్గర ఉండిపోయింది, దాని ధర నా లెక్కలో తగ్గింది. తుక్కు నేనే తీసుకుపోతానంటే? "తీస్కపోండి సార్, ఆటో కిరాయి ఎన్నొందలైతదో చూస్కోండి" అన్నాడు కుర్రాడు.

కూడితే నా వాటా 24,400. కంపెనీ ఇచ్చేది 56,000.

జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవరు పెట్టుకుని ఉంటే ఆ 9,200, 9,100, 2,000 మూడూ నాకు మిగిలేవి. 20,300 అన్నమాట. దాన్నే మనవాళ్లు బంపర్ టు బంపర్ అంటారు. మే నెలలో బామ్మర్ది అడిగాడట, 1,850 ఎక్కువవుతుంది బావా, పెట్టాల్నా అని. "ఎందుకురా, నేను మెల్లగనే నడుపుత కద" అన్నానట. నాకు గుర్తులేదు. వాడి దగ్గర వాయిస్ మెసేజీ ఉంది. వినిపించాడు కూడా, మా ఆవిడ ముందు.

ఐడీవీ గురించి కొంచెం. ఇన్సూర్డ్ డిక్లేర్డ్ వాల్యూ, అంటే పాలసీదారు ప్రకటించిన విలువ. నేనేం ప్రకటించలేదు, నన్నెవరూ అడగలేదు. కారు కంపెనీ అమ్మే ధర మీద వయసు కోత వేసి వాళ్లే కట్టేస్తారు: ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాదికి 15, రెండేళ్లకు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, అయిదేళ్లకు 50. నా కారు ఐడీవీ 3,40,000. ఇది నాకు వెంటనే అర్థమైంది. మా దగ్గర భూమికి రెండు ధరలుంటాయి కదా, ఒకటి ప్రభుత్వ విలువ, ఇంకొకటి నిజంగా చేతులు మారే ధర. ఐడీవీ ఆ మొదటి రకం. కారు దొంగతనం పోయినా, పూర్తిగా పాడైనా గరిష్ఠంగా వచ్చేది అదే. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే రిపేరు చేయరు, కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్ అని రాసేస్తారు. కారు కళ్లముందే నిలబడి ఉంటుంది, కాగితం మీద మాత్రం చచ్చిపోయినట్టు. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ తక్కువ పెట్టించుకునేవాళ్లు ఆ రోజు ఏడుస్తారు. స్టాంపు డ్యూటీకి భయపడి విలువ తగ్గించి రాయించుకున్నవాళ్లు రోడ్డు వెడల్పులో స్థలం పోయి పరిహారం వచ్చినప్పుడు ఏడ్చినట్టే.

సర్వేయర్ పోతూ పోతూ ఇంకోటి చెప్పాడు, వానాకాలం కాబట్టి చెప్తున్నా అని. నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజన్‌లోకి నీళ్లుపోయి పట్టేస్తుంది. దాన్ని కాన్సీక్వెన్షియల్ లాస్ అంటారు. వరద వల్ల వచ్చిన నష్టం కాదు, నువ్వు తాళం తిప్పడం వల్ల వచ్చిన నష్టం అని మామూలు పాలసీలో ఇవ్వరు. ఇంజన్ ప్రొటెక్ట్ అని వేరే కవరు ఉండాలి. 2020 అక్టోబరు వరదల్లో మా పక్క కాలనీలో మునిగిన కార్లు గుర్తొచ్చాయి. నీళ్లు తీయగానే అందరం చేసిన మొదటి పని తాళం తిప్పి చూడడమే.

ఇక ఒక స్టార్ ఎట్లా పోయిందో చెప్తా. సర్వే అయిన అయిదో రోజు కంపెనీ నుంచి మెయిల్. కారు వెనక భాగం దెబ్బకు ఒప్పుకుంటున్నాం, ముందు భాగం దెబ్బ మీరు చెప్పిన కారణంతో సరిపోలడం లేదు, అది వేరే సంఘటన, దానికి వేరే క్లెయిము పెట్టుకోండి అని. రెండు క్లెయిములంటే రెండుసార్లు డిడక్టబుల్. అది పెద్దది కాదు, వెయ్యి రూపాయలు. కానీ ముందు దెబ్బ వేరే సంఘటన అని నేను ఒప్పుకుంటే స్కూటీని కొట్టింది నా సొంత నిర్వాకమే అవుతుంది కదా. ట్రాలీ ఆటో ఆ లెక్కలో నుంచి జారిపోతుంది. రేపు కోర్టులో ఈ కాగితమే నా మెడకు చుట్టుకుంటుంది.

మండిపోతూ ఫోన్ చేశా. అవతలి మనిషి చల్లగా, "సార్, క్లెయిమ్ ఫారంలో కాజ్ ఆఫ్ లాస్ దగ్గర మీరే రాశారు" అన్నాడు. ఫారం తెప్పించి చూశా. 'వెనక నుంచి ఆటో ఢీకొట్టింది.' అంతే. ముందుకు తోసుకుపోయి స్కూటీని కొట్టడం అందులో లేదు. కుర్రాడు నింపాడు, నేను చదవకుండా సంతకం పెట్టాను. కింద నా సంతకం, నిండుగా, ఇంటిపేరుతో సహా. అంత ముచ్చటైన సంతకం నేను రిజిస్ట్రార్ ముందు కూడా పెట్టలేదు.

తప్పులో సగం నాది. మిగతా సగం ఎందుకు కంపెనీదంటే, ఎఫ్ఐఆర్, పంచనామా, ఫోటోలు మొదటి రోజే వాళ్లకు పంపాను. వాటిలో మొత్తం ఉంది. ఫారంలో ఒక వాక్యం చదివి మెయిల్ రాసినవాళ్లు జతచేసిన కాగితాలు తెరవలేదు. అమ్మకం కాగితం రాసేముందు నేను లింకు డాక్యుమెంట్లు చూడనని చెప్తే నా దగ్గరికి ఎవరైనా వస్తారా?

పంచనామాలో సంబంధించిన నాలుగు లైన్ల కింద గీత గీసి, ఒకే తాకిడి, ఒకే క్షణం, ఒకే కారణం అని ఒక పేజీ రాసి కంపెనీ గ్రీవెన్స్ అధికారికి పంపా. బామ్మర్ది భయపడ్డాడు, "గంత గట్టిగ రాస్తవా బావా" అని. తొమ్మిదో రోజు సవరించారు. ఒకే క్లెయిము, ఒకే డిడక్టబుల్. క్షమాపణ లేదు, 'మీ అభ్యర్థనను పరిశీలించి' అని మాత్రం ఉంది. అభ్యర్థనంట.

సవరించకపోతే ఏం చేసేవాణ్నో కూడా చూసిపెట్టుకున్నా. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు ఒక దారి. బీమా రంగం మొత్తానికీ పెద్దదిక్కైన ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఎక్కడో ఢిల్లీలో లేదు, మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. ఇంకో దారి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. ఆ ఆఫీసు లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది, ఎన్నోసార్లు దాని ముందు నుంచే పోయాను. ముందు కంపెనీకి రాతగా ఫిర్యాదు చేసి ఉండాలి. వాళ్లు నెలలోపు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు అక్కడికి పోవచ్చు. ఫీజు లేదు, 50 లక్షల దాకా వింటారు. వకీలు అక్కర్లేదు, అసలు రానివ్వరు, మన గోడు మనమే చెప్పుకోవాలి. ఆ పద్ధతి నాకు నచ్చింది.

కారు తయారైంది, వచ్చి తీసుకుపొమ్మన్నారు. క్యాష్‌లెస్ క్లెయిము కదా అని జేబులో అయిదొందలతో పోయా. నగదు అక్కర్లేదని అర్థం చేసుకున్నది నేనొక్కణ్నే కాదనుకుంటా. క్యాష్‌లెస్ అంటే కంపెనీ తన వాటా నేరుగా వర్క్‌షాప్‌కు కడుతుంది, మన వాటా మనం కట్టందే తాళం ఇవ్వరు. దాన్ని వాళ్లు 'డిఫరెన్స్ అమౌంట్' అంటారు. 24,400. అక్కడి బల్ల మీద కూర్చుని మా అబ్బాయికి ఫోన్ చేసి ఫోన్‌పే చేయించుకున్నా. వాడు "బాపూ, ఫుల్ ఇన్సూరెన్స్ అంటివి కద" అన్నాడు. ఏం చెప్పాలి?

అప్పుడు కుర్రాడు ఇంకో కాగితం తెచ్చాడు. డిశ్చార్జ్ వోచర్. అంకె దగ్గర ఖాళీ, తేదీ దగ్గర ఖాళీ. కింద అచ్చులో ఒక వాక్యం: ఈ మొత్తాన్ని ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌గా స్వీకరిస్తున్నాను.

దొరికింది. పాలసీ మొత్తం గాలించినా కనబడని 'ఫుల్' ఇక్కడ ఉంది. ఇచ్చేటప్పుడు లేదు, చెల్లు రాయించుకునేటప్పుడు ఉంది.

"సార్, సంతకం పెట్టుండ్రి, అందరు పెడ్తరు."

"అంకె ఏసి తీస్కరా, పెడ్త."

"అంకె సిస్టంల ఆటోమేటిక్ వస్తది సార్."

"వచ్చినంక పెడ్త."

గంటన్నర పట్టింది. మేనేజరు వచ్చాడు, చాయ్ తెప్పించాడు, ఇంకెక్కడికో ఫోన్ చేశాడు. 56,000 అని అక్షరాల్లోనూ అంకెల్లోనూ వేసి తెచ్చాక, 'వాహనం సొంత నష్టానికి మాత్రమే' అని నా చేత్తో రాసి, దాని కింద సంతకం పెట్టా. ఆ నాలుగు మాటలు ఎందుకంటే, స్కూటీ అబ్బాయి వ్యవహారం ఇంకా తేలలేదు. దాంట్లో కంపెనీ నా వెనక నిలబడాల్సిన బాధ్యత ఈ వోచర్‌తో చెల్లయిపోయిందని రేపు ఎవరూ అనకూడదు. అంటారో అనరో తెలియదు, పాత అలవాటు. రిపేరు పని మాత్రం బాగుంది, రంగు కలిసింది, డిక్కీ చప్పుడు లేకుండా మూసుకుంటోంది.

నో క్లెయిమ్ బోనస్ గురించి రెండు ముక్కలు. క్లెయిము లేకుండా గడిచిన ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20, 25, 35, 45, 50 శాతం వరసగా తగ్గిస్తారు. నాది 45 దాకా వచ్చింది. ఈ ఒక్క క్లెయిముతో సున్నా, మళ్లీ మొదటి మెట్టు. అందుకే మూడు నాలుగు వేల చిన్న దెబ్బకు క్లెయిము పెట్టేముందు లెక్క వేసుకోవాలి. ఇంకోటి, ఆ బోనస్ కారుది కాదు, మనిషిది. కారు అమ్మినా కొత్త కారుకు తెచ్చుకోవచ్చు. ఈ ముక్క కూడా సర్వేయరే చెప్పాడు. ఆయన కంపెనీ జీతగాడు కాదు, లైసెన్సు మీద పనిచేసే మనిషి, కాబట్టి ఆయన పుణ్యాన వచ్చిన అర స్టార్ కంపెనీ ఖాతాలో వేయాలా వద్దా అని ఆలోచించా. వేశాను.

స్కూటీ అబ్బాయి చెయ్యి అతుక్కుంది. పట్టు తీసినా బరువు ఎత్తలేకపోతున్నాడు. డిసెంబరులో ట్రిబ్యునల్ నుంచి నోటీసు వచ్చింది, మోటారు ప్రమాదాల పరిహారం కేసు. నోటీసు చూడగానే మా ఆవిడ ఏడ్చింది. నాకు మాత్రం కొంచెం నిమ్మళమైంది, గడువు లోపలే వేశాడని. 2019 సవరణ తర్వాత 166వ సెక్షన్ కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో పెట్టుకోవాలి. తప్పెవరిదో నిరూపించే తిప్పలు లేకుండా 164వ సెక్షన్ కింద ఒకే మొత్తం తీసుకునే దారీ ఉంది, మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. వాళ్ల వకీలు 166 కిందే వేశాడు.

అందులో ట్రాలీ ఆటో యజమాని మొదటి ప్రతివాది. నేను రెండు, నా కంపెనీ మూడు. మొదటాయనకు ఇన్సూరెన్స్ లేదు కాబట్టి ఆయన వాటా ఆయన జేబులోంచే రావాలి. రెండు కాగితాల్లో రెండు మాటలు కనబడ్డాయి, చూడ్డానికి కవల పిల్లల్లాంటివి. పిటిషన్‌లో కాంపోజిట్ నెగ్లిజెన్స్, కంపెనీ వకీలు పంపిన జవాబు ముసాయిదాలో కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్. మొదటిది, దెబ్బ తిన్నవాడి తప్పు లేకుండా ఇద్దరు ముగ్గురు బయటివాళ్ల తప్పులు కలవడం. అప్పుడు బాధితుడి పరిహారంలో కోత ఉండదు. రెండోది, బాధితుడి తప్పు కూడా కొంత ఉందనడం. అప్పుడు ఆ మేరకు కోత పడుతుంది. ముసాయిదాలో 'స్కూటీ హఠాత్తుగా ఆగింది' అని నా మాటగా రాశారు. నేను అట్లా అనలేదు. గుంత ఉంటే ఆగడా మరి? నేనూ ఆగాను కదా. ఆ వాక్యం కొట్టేసి, పంచనామాలో ఉన్నట్టు రాయమని పంపాను.

దాంతోపాటు సంతకం కోసం వకాలత్‌నామా కూడా వచ్చింది. వకీలు పేరు దగ్గర ఖాళీ, కేసు నంబరు దగ్గర ఖాళీ, తేదీ దగ్గర ఖాళీ. నింపి పంపితే పెడతానని మెయిల్ రాసి పన్నెండు రోజులైంది. ఇంకా రాలేదు. వస్తే స్టార్ల సంగతి మళ్లీ చూస్తా.